విశాఖ తీరం: ఒక్కో చోట ఒక్కో ఇసుక

వైజాగ్ వెళ్లినవాళ్లలో చాలామంది ఆర్కే బీచ్‌లో నాలుగు ఫొటోలు దిగి, కైలాసగిరి ఎక్కి, అరకు రైలు పట్టుకుంటారు. అలా కాకుండా ఈసారి యారాడ నుంచి భీమిలి దాకా తీరమంతా చూడాలనుకున్నాను. మా బావగారు పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన తోడు రావడంతో సముద్రం కన్నా ఇసుక గురించే ఎక్కువ విన్నాను.

ఆర్కే బీచ్‌కి తెల్లవారుజామునే వెళ్లాలి. ఆ వేళ బీచ్ రోడ్డు మీదకి బళ్లు రానివ్వరు. నడిచేవాళ్లు, పరిగెత్తేవాళ్లు, స్కేటింగ్ పిల్లలు రోడ్డంతా తమదే అన్నట్టు ఉంటారు. "ఈ ఇసుక ఇక్కడిదే అనుకుంటున్నావేంటి? చాలావరకు మేం పోయించిందే" అన్నారు బావగారు. నేను వేళాకోళమనుకున్నాను. కాదట. ఏడాదిలో ఎక్కువ నెలలు అలలు ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి నెట్టుకుంటూ పోతాయి. 1970లలో ఔటర్ హార్బర్ కోసం కట్టిన బ్రేక్‌వాటర్లు, అంటే అలలని ఆపే రాతి గట్లు, ఆ దారికి అడ్డం పడ్డాయి. ఇసుక అక్కడే ఆగిపోతుంది. అలలు మాత్రం ఆర్కే బీచ్‌ని కోసుకుపోవడం మానవు. అందుకే పోర్టు వాళ్లు ఆగిన ఇసుకని డ్రెడ్జర్‌తో తోడి, నీళ్లతో కలిపి ఇటువైపు పోయిస్తుంటారు.

ఒడ్డునే ఉన్న కురుసుర జలాంతర్గామిని మాత్రం వదలకండి. 1969లో నేవీలో చేరి, 2001లో రిటైరై, మరుసటి ఏడాదే మ్యూజియం అయింది. పొడవు 91 మీటర్లున్నా లోపల మనిషి పక్కకి తిరగాలన్నా కష్టమే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతలోంచి ముందు కాలు, తర్వాత తల పెట్టి దూరాలి. నిద్రపోయే బల్లలు ఒకదాని మీద ఒకటి, ఇరుగ్గా ఉన్నాయి. నాకైతే పది నిమిషాలకే బయటి గాలి కావాలనిపించింది. సోమవారం మూసేస్తారు, చూసుకుని వెళ్లండి.

యారాడ ఉన్నది నగరానికి అవతల, డాల్ఫిన్స్ నోస్ కొండ వెనకాల. సింధియా మీదుగా ఘాట్ రోడ్డెక్కి దిగాలి. పైమలుపు దగ్గర ఆటో ఆపించుకుంటే మూడు వైపులా కొండలు, కింద కొబ్బరి తోటలు, వాటి చివర పసుపు చార. అందానికి యారాడే ముందు, నా లెక్కలో. ఈతకి మాత్రం వద్దు. ఒడ్డు దిగిన కాసేపటికే లోతు, పైగా లోపలికి లాగే నీళ్లు. మోకాళ్ల దాకా దిగిన కుర్రాళ్లని చూసి బావగారు కేకలేసి మరీ వెనక్కి పిలిచారు.

మర్నాడు భీమిలి వైపు. నీళ్లలో దిగి ఆడాలనుకునేవాళ్లకి రుషికొండ నయం. శుభ్రత, భద్రత చూసి బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు బ్లూ ఫ్లాగ్ 2020లో వచ్చిన బీచ్ ఇది. లైఫ్‌గార్డులుంటారు, స్నానాల గదులున్నాయి, సర్ఫింగ్ బోర్డులు అద్దెకిస్తారు. శుభ్రంగా ఉంది, రద్దీగానూ ఉంది. అంతకుమించి చెప్పడానికేం లేదు. మంగమారిపేట దగ్గర అలలు తొలిచిన రాతి తోరణాన్ని దారిలోనే దిగి చూడొచ్చు.

నేను ఎక్కువసేపు ఉండిపోయింది ఎర్రమట్టి దిబ్బల్లో. రోడ్డు మీద నుంచి చూస్తే తాటిచెట్లు, జీడిమామిడి తోటలు తప్ప ఏమీ కనపడదు. కాలిబాట పట్టి నాలుగడుగులు దిగితే మనిషిని మించిన ఎర్రటి గోడలు. వాన నీళ్లు కోసిన గెడ్డలు అవి, పాయలు పాయలుగా చీలి ఎటు పోతాయో తెలియదు. మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడిన ఇసుకని గాలి మోసుకొచ్చి ఇక్కడ పోసిందట. ఇనుము తుప్పు పట్టి ఆ రంగు వచ్చింది. గోడని వేలితో గీకితే పొడి రాలింది, గోరు కింద ఎరుపు సాయంత్రం దాకా పోలేదు. 2014లో దీన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించారు. అయినా గోడల నిండా ప్రేమికుల పేర్లే. వేల ఏళ్లు నిలిచినదాన్ని మేకుతో చెక్కడానికి చేతులెలా వస్తాయో!

అక్కడి నుంచి భీమిలి పావుగంట. గోస్తని సముద్రంలో కలిసే చోటు, పాత లైట్‌హౌస్, డచ్చివాళ్ల సమాధులు అన్నీ దగ్గర దగ్గరే. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు ఇప్పుడు తాపీగా ఉంటుంది. ఇసుక ఇక్కడ నల్లచారలుగా కనిపిస్తుంది. అది మురికి కాదు, ఇల్మనైట్ లాంటి బరువైన ఖనిజం. తేలికైన ఇసుకని అలలు పట్టుకుపోతే ఇది మిగులుతుంది. మిట్టమధ్యాహ్నం చెప్పులు విడిచారంటే కాళ్లు కాలిపోతాయి.

పడవలు వచ్చే వేళకి ఒడ్డునే చేపల బేరాలు మొదలయ్యాయి. గంపలో నెత్తళ్లు, కానాగుర్తలు ఇంకా తళతళలాడుతున్నాయి. బావగారు ధర సగానికి అడిగారు.

"ఏటి బాబూ, ఇందాకే ఒడ్డుకొచ్చిన సరుకు. కళ్లు సూడండి, ఎలా మెరుస్తున్నాయో. దీనికీ బేరవేటి?" అందామె.

పది రూపాయలు తగ్గించి, పైన రెండు గుప్పిళ్లు నెత్తళ్లు వేసింది. 900K నంబరు బస్సులో అవన్నీ రెండు కవర్లలో చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకున్నాం. కండక్టర్ వాసన పట్టి మాకేసి చూశాడు గానీ, "పులుసా, వేపుడా?" అని మాత్రమే అడిగాడు.