బడి కమిటీ చైర్మన్‌గా ఒక మోటారు కొనిపించాను: నా అనుభవం

మా ఊరి ఎంపీపీ స్కూల్‌కి, అంటే మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలకి, నిర్వహణ ఖర్చులన్నిటికీ కలిపి ఏడాదికి వచ్చే కాంపోజిట్ గ్రాంట్ 25 వేల రూపాయలు. ఆ డబ్బిచ్చే సమగ్ర శిక్ష పథకం లెక్క ప్రకారం 31 నుంచి 100 మంది దాకా పిల్లలున్న బడికి అంతే ఇస్తారు. వంద దాటితే 50 వేలు, 250 దాటితే 75 వేలు, వెయ్యి దాటితే లక్ష. కమిటీలోకి వచ్చేదాకా ఈ లెక్క మాలో ఎవరికీ తెలియదు. "బడికి గవర్నమెంట్ లక్షలిస్తోంది, అవన్నీ ఎటు పోతున్నాయో" అని రచ్చబండ దగ్గర అనేవాళ్ళలో మా ఇంటాయన కూడా ఒకరు.

2024 ఆగస్టు 8న ఆంధ్రప్రదేశ్ అంతటా ఒకే రోజు స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఎన్నికలు జరిగాయి. తరగతికి ముగ్గురు తల్లిదండ్రుల చొప్పున ఐదు తరగతులకు పదిహేను మంది. విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో సగం మంది ఆడవాళ్ళు ఉండి తీరాలి. పొద్దున చేతులెత్తించి సభ్యులను ఎన్నుకున్నారు. మధ్యాహ్నం వాళ్ళలోంచి చైర్మన్, వైస్ చైర్మన్. ఆ వెంటనే ప్రమాణ స్వీకారం, మొదటి మీటింగ్. నేను ఇంటర్ దాకా చదివాను, ఇంట్లో మిషన్ కుడతాను. రాజకీయం పట్టదు. నన్నే ఎందుకు చైర్మన్ చేశారంటే, ఈ వర్గం మనిషిని ఆ వర్గం ఒప్పుకోలేదు, ఆ వర్గం మనిషిని ఈ వర్గం ఒప్పుకోలేదు. అందరి పిల్లల బట్టలూ నా దగ్గరికే వస్తాయి కాబట్టి నా మీద ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

చైర్మన్ అంటే మొదట్లో జెండా వందనానికి కుర్చీ వేస్తారు, మధ్యాహ్న భోజనం రుచి చూడమంటారు, అంతే అనుకున్నారు మావాళ్ళు. అసలు పని రిజిస్టర్లలో ఉంది. తీర్మానాల రిజిస్టర్, క్యాష్ బుక్, స్టాక్ రిజిస్టర్, ఓచర్ల ఫైలు. వీటిని రాసేది మెంబర్ కన్వీనర్, అంటే హెడ్ మాస్టారు. మాది ఇద్దరు టీచర్ల బడి. ఆయన ఒకటి, రెండు తరగతులు చూసుకుంటూ, మధ్యలో ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసు నుంచి వచ్చే మెసేజ్‌లకు జవాబులిస్తూ, సాయంత్రం కూర్చుని ఇవన్నీ రాస్తారు. అందుకే మొదటి మీటింగ్ అయిపోగానే రిజిస్టర్ నా ముందు పెట్టి, "ఇక్కడ సంతకం పెట్టండమ్మా, మేటర్ తర్వాత రాసుకుంటాను" అన్నారు. పేజీ ఖాళీగా ఉంది. కింద అప్పటికే ఏడెనిమిది సంతకాలు, రెండు వేలిముద్రలు ఉన్నాయి.

ఆయన మోసం చేసే మనిషి కాదు. అది అక్కడున్న అలవాటు. కానీ నా చేతికి పెన్ను రాలేదు. "మాస్టారూ, రెండు ముక్కలైనా రాయండి, నేను ఆగుతాను" అన్నాను. ఆయన ముఖం కాస్త మాడింది. అప్పుడు అక్కడే ఉన్న సీఆర్పీ మేడం (చుట్టుపక్కల బడులను చూసే క్లస్టర్ రిసోర్స్ పర్సన్) కల్పించుకుని, "ఆమె అడిగింది కరెక్టే సార్, గ్రాంట్లు ఎలా ఖర్చయ్యాయో చూడడం కమిటీ పని అని చట్టంలోనే ఉంది" అన్నారు. 2009 నాటి ఆ చట్టంలో సెక్షన్ 21 సంగతి అది. దాని తర్వాతి సెక్షన్ ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాల్సింది కూడా కమిటీయే. ఆ రోజు మాస్టారు నాలుగు వాక్యాలు రాశారు, నేను చదివి సంతకం పెట్టాను. ఆ తర్వాత నుంచి నేను వెళ్ళేసరికి మేటర్ రాసి ఉంచేవారు. దీని మీద మా మధ్య మళ్ళీ మాట రాలేదు.

గ్రాంట్ ఒక్కసారిగా రాలేదు, రెండు విడతలుగా వచ్చింది. వచ్చిందంటే ఖాతాలో డబ్బు పడిందని కాదు. బడి ఖాతా జీరో బ్యాలెన్స్‌ది. ఇంత వరకు ఖర్చు పెట్టుకోవచ్చని ఆన్‌లైన్‌లో ఒక పరిమితి చూపిస్తుంది. మనం ఎవరికి ఇవ్వాలో ఆ షాపు ఖాతా వివరాలు పీఎఫ్ఎంఎస్ అనే ప్రభుత్వ చెల్లింపుల సైటులో ఎక్కించి, పీపీఏ అనే చెల్లింపు కాగితం ప్రింట్ తీసి, మాస్టారూ నేనూ సంతకాలు పెట్టి బ్యాంకులో ఇస్తే అప్పుడు డబ్బు నేరుగా షాపు వాళ్ళకు వెళ్తుంది. మార్చి 31 లోపు వాడకపోతే ఆ పరిమితి పోయినట్టే. చేతికి రూపాయి తగలదు కాబట్టి, చైర్మన్ గారు డబ్బు తినేస్తున్నారనే పుకారుకు కూడా పెద్దగా చోటు లేదు. (పుట్టించేవాళ్ళు ఎలాగూ పుట్టిస్తారు.)

మొదటి విడత 12,500. దానిమీద చర్చే జరగలేదు, ఎందుకంటే చర్చించడానికి ఏమీ మిగల్లేదు. కరెంటు బిల్లు బకాయితో కలిపి 7,400. చాక్‌పీసులు, రిజిస్టర్లు, తెల్ల కాగితాలు, ప్రింట్లు, డస్టర్లు అన్నీ కలిపి 4 వేలు. గ్రాంట్‌లో కనీసం పదో వంతు శుభ్రతకే పెట్టాలని నిబంధన ఉంది, అంటే మాకు 2,500. అందులో 1,100తో ఫినాయిల్, చీపుర్లు, బ్రష్షులు, సబ్బులు తీసుకున్నాం. అంతటితో అయిపోయింది. ఇంత చిన్న గ్రాంట్‌లో కమిటీ నిజంగా ఆలోచించి నిర్ణయించగలిగేది చాలా తక్కువని అప్పుడే అర్థమైంది. ఆ తక్కువ దగ్గరే పట్టు పట్టాలి.

సంక్రాంతి సెలవుల తర్వాత బడి తెరిస్తే బోరు మోటారు పలకలేదు. వైండింగ్ కాలిపోయింది. డాబా మీది ట్యాంకు ఎండిపోయింది. టాయిలెట్లకు నీళ్ళు లేవు, చెయ్యి కడుక్కునే చోట నీళ్ళు లేవు. వంట చేసే అక్క ఎదురింటి నుంచి బిందెలతో తెచ్చుకునేది. నాలుగు, ఐదు తరగతుల పిల్లలు వీధి పంపు నుంచి బకెట్లు మోసేవాళ్ళు. ఆడపిల్లలు కొందరు మధ్యాహ్నం ఇంటికి వెళ్తే మళ్ళీ తిరిగి వచ్చేవాళ్ళు కాదు. ఇదంతా అమ్మలకు తెలుసు, నాన్నల్లో చాలామందికి తెలియదు.

మామూలుగా ఇలాంటప్పుడు హెడ్ మాస్టార్లు తమ జేబులోంచి పెట్టేసి, గ్రాంట్ వచ్చాక తీసుకునేవాళ్ళట. ఇప్పుడు డబ్బు షాపు ఖాతాకే వెళ్ళాలి కాబట్టి ఆ దారి వద్దన్నారు మాస్టారు. ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి, ఆడిట్ అభ్యంతరం వస్తే పెన్షన్ దాకా తగులుకుంటుందని ఆయన భయం. నేను బలవంతపెట్టలేదు. ఈలోగా తల్లులం వంతులు వేసుకుని, రోజుకొకరం రెండు డ్రమ్ములు నింపించాం.

రెండో విడత మార్చిలో పడింది. మళ్ళీ 12,500. శుభ్రత వాటా 1,400 తీసేస్తే 11,100 మిగిలింది. ఆ మొత్తం మీద జరిగిన మీటింగ్ నాకు బాగా గుర్తుంది.

మొదటిసారి కోరం చాలక వాయిదా వేశాం, మిరపకోతల రోజులు అవి. రెండోసారి సాయంత్రం పెట్టాం, వచ్చారు. మోటారు ఒక్కటే అజెండా అనుకుంటే, గేటు మీద పేరు రాయించి రంగులు వేయిద్దాం అని ఒక తండ్రి లేచాడు. బడి బయటికి కనిపించేలా ఉంటే పిల్లల్ని కాన్వెంట్‌కు పంపరు అని ఆయన వాదన. వాదన కొట్టేయదగింది కాదు. మా ఊళ్ళో పసుపు రంగు బస్సు వచ్చి తీసుకెళ్ళే పిల్లలే బడికి వచ్చే పిల్లల కన్నా ఎక్కువ. ఇంకొకాయన మైకు సెట్ అన్నాడు. ఆగస్టు 15కీ, జనవరి 26కీ ప్రతిసారీ అద్దెకు తేవాల్సి వస్తోందని. వార్డు మెంబర్ రంగుల వైపు మొగ్గాడు.

ఆడవాళ్ళు వెనక బెంచీల్లో కూర్చున్నారు, ఎవరూ మాట్లాడటం లేదు. రెండో తరగతి పిల్ల తల్లి ఒకామె, కూలికి వెళ్ళొచ్చి అలాగే వచ్చింది, నా వైపు తిరిగి మెల్లగా, "అక్కా, మా పాప పొద్దుటి నుంచీ నీళ్ళు తాగట్లేదు. తాగితే దొడ్డికెళ్ళాలని" అంది. మెల్లగానే అంది గానీ గదంతా వినబడింది. రంగులు వేయిద్దామన్న తండ్రి కూతురు కూడా అదే తరగతి. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "సరే, ముందు మోటారు కానివ్వండి" అన్నాడు. "కాలిపోయిన మోటారు స్థానంలో కొత్తది కొనుటకు తీర్మానించడమైనది" అని మాస్టారు రాశారు. చదివి వినిపించమన్నాను. వినిపించాక అందరం సంతకాలు పెట్టాం.

ఇక కొటేషన్లు. మూడు తెమ్మన్నాం. రెండు రోజుల్లో మూడూ వచ్చాయి. మూడు వేర్వేరు షాపుల పేర్లు, కానీ చేతిరాత ఒకటే. '9' అంకెకు తోక తిప్పే తీరు కూడా ఒకటే. మాస్టారికి చూపిస్తే నవ్వి, "అన్నిచోట్లా ఇంతేనమ్మా, ఒకే షాపు వాడు మిగతా రెండూ తెచ్చిస్తాడు" అన్నారు. ధరలో తేడా లేకపోతే నేనూ ఊరుకునేదాన్నేమో. అందులో తక్కువది 12 వేలు, మా దగ్గరున్నది 11,100. మా తమ్ముడి బండెక్కి టౌనుకు వెళ్ళాను. అదే ఒక హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు ఒక షాపులో 9,800, ఇంకో దాంట్లో 10,400, మూడోచోట 8,900. ఆ చివరిదానికి గ్యారంటీ కార్డు లేదు, బిల్లు కూడా చిన్న చీటీ మీద ఇస్తానన్నాడు. జీఎస్టీ బిల్లు, బ్యాంకు ఖాతా రెండూ ఉన్న షాపే కావాలి మాకు, లేకపోతే పేమెంట్ ముందుకు కదలదు. కాబట్టి 9,800 షాపు ఖాయం చేశాం. మూడు ధరలూ పక్కపక్కన రాసి, తక్కువ ధర ఎందుకు వదిలేశామో కింద ఒక వాక్యం రాయించాను. తర్వాత ఎవరైనా అడిగితే చూపించడానికి అదొక్కటే ఆధారం.

పాత మోటారు దగ్గర ఇంకో మెలిక పడింది. బిగించడానికి వచ్చిన మెకానిక్, "పాతది నేను తీసుకెళ్తాను, మామూలే కదా" అన్నాడు. అందులో రాగి తీగ ఉంటుంది, దానికో ధర ఉంటుంది. అది బడి స్టాక్ రిజిస్టర్లో ఉన్న వస్తువు. ఊరికే ఇచ్చేస్తే రిజిస్టర్లో మోటారు ఉంటుంది, బడిలో ఉండదు. షాపు ఆయనతోనే మాట్లాడితే 600 తగ్గించి, బిల్లులోనే ఎక్స్‌ఛేంజ్ అని చూపిస్తానన్నాడు. పైపులు దించి బిగించే కూలి 1,200 కూడా అదే బిల్లులో కలిపించాం, కూలికి విడిగా చెల్లించే దారి లేదు కాబట్టి. మొత్తం 10,400. మిగిలిన 700తో చేతులు కడిగే చోట రెండు కుళాయిలు మార్పించాం.

పేమెంట్ మార్చి చివరి వారంలో. అందరు మాస్టార్లూ అప్పుడే చేస్తారు కాబట్టి సైటు తెరుచుకోదు, ఓటీపీ రాదు. మాస్టారు రాత్రి పదకొండింటికి కూర్చుని ప్రింట్ తీశారు. మర్నాడు బ్యాంకులో నా సంతకం పాత నమూనాతో కలవట్లేదన్నారు. చూస్తే ఖాతాలో ఇంకా పాత చైర్మన్ సంతకమే ఉంది. ఎన్నికలయ్యాక మార్పు కోసం ఇచ్చిన తీర్మానం కాపీ ఏదో ఫైలులో పడి ఉందట. మొదటి విడత ఎలా పోయిందో మరి. గడువు దగ్గరపడేసరికి టెన్షన్‌తో ఆ పూట అన్నం కూడా సహించలేదు. మేనేజర్ గారు కొత్త కాగితం తీసుకుని సాయంత్రానికి సరిచేశారు. కొత్తగా చైర్మన్ అయినవాళ్ళు మీ సంతకం బ్యాంకులో మారిందో లేదో మొదటి నెలలోనే అడగండి, ఎన్నిక జరిగినంత మాత్రాన అక్కడ ఏదీ దానంతటది మారదు.

యూసీ (డబ్బు దేనికి వాడామో చెప్పే ధ్రువపత్రం), బిల్లు జిరాక్సులు, తీర్మానం కాపీ, మోటారు ఫోటో అన్నీ ఎంఈఓ ఆఫీసులో ఇచ్చేశాక, ఏడాది ఖర్చంతా ఒక తెల్ల కాగితం మీద రాసి నోటీసు బోర్డుకు అంటించమన్నాను. వేసవి సెలవుల ముందు మీటింగ్‌కి వచ్చిన రంగుల తండ్రి దాన్ని పైనుంచి కిందిదాకా చదివి, "ఇంత చిన్న బడికి కరెంటు 7,400 ఏంటి?" అని గట్టిగా అడిగాడు. మాస్టారు మీటర్ రీడింగుల కాగితాలు తీశారు. ఉత్సవాలు జరిగిన నెలల్లో బిల్లు ఎగబాకి ఉంది. సీరియల్ లైట్లకూ, మైకుకూ వైరు లాగేది బడి మీటర్ నుంచే. లాగించేది ఉత్సవ కమిటీ, అందులో ఆయనా సభ్యుడే.

ఈసారి నుంచి ఆ రోజుల కరెంటు ఖర్చు ఉత్సవ కమిటీ కట్టాలని తీర్మానం రాయించాం. దాని మీద ఇంకా మూడు సంతకాలు రావాలి.