హైబ్రిడ్ కారు మోడ్‌లు: నేను అనుకున్నది, అవి చేసేది

పెట్రోలు ఇంజనూ, కరెంటు మోటారూ రెండూ ఉండే కొత్త హైబ్రిడ్ కారు చేతికి వచ్చి రెండు నెలలైంది. ఇన్నేళ్లుగా పెట్రోలు కార్లు నడిపినవాడిని కనుక కొత్తగా నేర్చుకోవలసింది పెద్దగా ఏముంటుందిలే అనుకున్నాను. మొదటి రోజే ఆ ధీమా కాస్తా పోయింది. బ్రేకు మీద కాలు పెట్టి బటన్ నొక్కితే డాష్‌బోర్డు వెలిగింది కానీ ఇంజన్ చప్పుడు వినిపించలేదు. స్టార్ట్ కాలేదేమోనని మళ్లీ నొక్కాను, అంతా ఆరిపోయింది. మూడోసారి నొక్కి చెవి ఒగ్గి కూర్చున్నాక, మీటరు మూలన ‘రెడీ’ అనే చిన్న ఆకుపచ్చ దీపం కంటపడింది. ఈ కారు స్టార్టయిందనడానికి గుర్తు ఆ దీపమే.

దీనికి తలకిందులైన పొరపాటు ఇంతకంటే ప్రమాదకరం. నిశ్శబ్దంగా నిలబడి ఉంది కదా అని, ఆపేశాననే అనుకుని, తాళం జేబులో పెట్టుకుని ఒకసారి దిగిపోబోయాను. కారు పీ పీ అంటూ అరిచి నన్ను వెనక్కి పిలిచింది. రెడీ దీపం వెలుగుతున్నంతసేపూ బండి నడుస్తున్నట్టే లెక్క. తలుపులు మూసిన గ్యారేజీలో అలా వదిలేస్తే, బ్యాటరీ తగ్గగానే ఇంజన్ దానంతట అదే లేచి పొగ వదలడం మొదలుపెడుతుంది.

నాది బయటి ప్లగ్గుకు తగిలించి ఛార్జింగ్ పెట్టే రకం కాదు, కాబట్టి బ్యాటరీలో ఉన్న కరెంటంతా ఏదో ఒక దారిన ట్యాంకులోని పెట్రోలు నుంచి వచ్చినదే. ఒక ఇంజన్, కరెంటిస్తే తిరిగి, తిప్పితే కరెంటు పుట్టించే రెండు మోటారు జనరేటర్లు, ఆ మూడింటినీ కలిపే ఒక ప్లానెటరీ గేరు దీని లోపలి సరంజామా. 1997 డిసెంబరులో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన టయోటా ప్రియస్‌తో పేరు పొందిన అమరిక ఇది. నడుమ సూర్యుడిలా ఒక పళ్ల చక్రం, దాని చుట్టూ గ్రహాల్లా తిరిగే చిన్న చక్రాలు, వాటన్నిటినీ బయటి నుంచి చుట్టిన ఒక వలయం ఉంటాయి. సూర్యుడు జనరేటరుకు, గ్రహాలను పట్టి ఉంచే చట్రం ఇంజన్‌కు, వలయం రెండో మోటారుకూ కారు చక్రాలకూ కలిసి ఉంటాయి. జనరేటరు వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ, బండి ఎంత వేగంలో పోతున్నా ఇంజన్‌ను దానికి అనుకూలమైన వేగంలోనే తిప్పగలగడం ఈ ఏర్పాటులోని తెలివి. అందుకే యాక్సిలరేటర్‌ను గట్టిగా తొక్కినప్పుడు ఇంజన్ హోరు ముందు పెరిగి, బండి తర్వాత దాన్ని అందుకున్నట్టు తోస్తుంది. క్లచ్ జారుతోందేమోనని నేను మొదట్లో కంగారుపడ్డాను. జారడానికి ఇందులో అసలు ఆ క్లచ్చే లేదు.

ఇంజన్ కూడా నేను ఎరిగిన తరహాది కాదు. గాలిని లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకోవడం వల్ల, లోపలికి పీల్చిన గాలిలో కొంత వెనక్కి పోయి, గాలిని నొక్కే దూరం కంటే మండిన వాయువు వ్యాకోచించే దూరం ఎక్కువవుతుంది. బ్రిటిష్ ఇంజనీరు జేమ్స్ అట్కిన్సన్ 1882లో తన ఇంజన్‌తో సాధించిన ఫలితమే ఇది, దారి మాత్రం వేరు. ఇటువంటి ఇంజన్ పెట్రోలు పొదుపుగా తాగుతుంది కానీ తక్కువ వేగంలో లాగే బలం దానికి చాలదు. ఆ లోటును మోటారు పూడుస్తుంది.

ఇక మోడ్‌ల సంగతికి వస్తాను. గేరు లివరు పక్కన ఎకో, నార్మల్, పవర్ అని మూడు ఉన్నాయి. పవర్ నొక్కితే కారుకు ఎక్కడి నుంచో అదనపు బలం వస్తుందనీ, ఎకోలో పెడితే పెట్రోలు దానంతట అదే ఆదా అవుతుందనీ అనుకుని, మొదటి వారమంతా దారి మారినప్పుడల్లా బటన్ మారుస్తూ తిరిగాను. తరువాత ఒక ఖాళీ రోడ్డు మీద మూడు మోడ్‌లలోనూ పెడల్‌ను చివరంటా తొక్కి చూశాను. మూడుసార్లూ కారు ఒకేలా దూసుకుపోయింది. తేడా అంతా పెడల్ మధ్య భాగంలోనే ఉంది: పవర్‌లో కొద్దిగా నొక్కితే వచ్చే ఊపు కోసం ఎకోలో ఇంకా చాలా లోతుకు నొక్కాలి. అంటే ఈ బటన్లు కారు బలాన్ని మార్చవు, నా పాదం చెప్పిన మాటను కారు ఎలా అర్థం చేసుకోవాలో మారుస్తాయి. ఎకోలో ఏసీ కూడా కాస్త మెత్తబడుతుంది. ఆగుతూ సాగుతూ పోయే రద్దీలో పాదం తొట్రుపాటును ఎకో కప్పిపుచ్చుతుంది కాబట్టి అక్కడ దాన్ని వాడతాను, మిగిలిన చోట్ల నార్మల్‌లోనే వదిలేస్తున్నాను. పవర్ అన్న పేరు మాత్రం దాని పనికి మించినదనే నా అభిప్రాయం.

నాలుగో బటన్ ఈవీ. అది నొక్కితే బ్యాటరీ మీదే నడుస్తుందని పుస్తకంలో ఉంది, కానీ ఉదయం పూట నేను నొక్కినప్పుడల్లా ‘ప్రస్తుతం వీలుకాదు’ అన్న సందేశం వచ్చేది. చల్లబడిన ఇంజన్‌నూ, పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌నూ వేడెక్కించే పని కారుకు ముందుంటుంది; ఆ పని అయ్యేదాకా మన కోరిక దానికి పట్టదు. బ్యాటరీ తగ్గినా, వేగం పెరిగినా, కాస్త గట్టిగా తొక్కినా ఈవీ మోడ్ దానంతట అదే రద్దయిపోతుంది. పైగా మొండిగా ఈవీలోనే నడిపి బ్యాటరీని దించేస్తే, ఇంజన్ తర్వాత ఆ అప్పును వడ్డీతో సహా తీర్చవలసి వస్తుంది, ఎందుకంటే పెట్రోలు శక్తి కరెంటుగా, కరెంటు మళ్లీ కదలికగా మారే ప్రతి మలుపులోనూ కొంత వేడిగా పోతుంది. అందరూ నిద్రపోయాక కారును చప్పుడు లేకుండా లోపల పెట్టుకోవడానికి తప్ప ఇప్పుడు ఆ బటన్ జోలికి పోవడం లేదు.

ఇంజన్, బ్యాటరీ, చక్రాల మధ్య బాణాలు కదిలే ఎనర్జీ మానిటర్ తెర నాకు బటన్లన్నిటికంటే ఎక్కువ నేర్పింది. మామూలు దారిలో బ్యాటరీ గీతలు పూర్తిగా నిండవు, పూర్తిగా ఖాళీ కావు. బ్యాటరీ ఎక్కువకాలం మన్నడం కోసం కారు దాన్ని మధ్య స్థాయిలోనే ఉంచుతుంది. సాఫీగా పోతున్నప్పుడు పాదం ఒక్క వెంట్రుకవాసి సడలిస్తే ఇంజన్ ఆగిపోయి బాణం బ్యాటరీ వైపు నుంచి రావడం, మళ్లీ ఆనిస్తే ఇంజన్ లేచి ఒకవంక చక్రాలను తిప్పుతూ మరోవంక బ్యాటరీని నింపడం ఆ తెరలోనే చూశాను. చూడటం కాస్త శ్రుతి మించిందేమో, ఒకరోజు మా అమ్మాయి “నాన్నా, మీరు రోడ్డు చూస్తున్నారా, ఆ బాణాలు చూస్తున్నారా?” అని నిలదీసింది. అప్పటి నుంచి నడుపుతున్నప్పుడు ఆ తెరను మూసే ఉంచుతున్నాను.

బ్రేకు నేర్చుకోవడం అన్నిటికంటే ఆలస్యమైంది. పెడల్‌ను మెత్తగా నొక్కినప్పుడు మోటారే జనరేటరుగా మారి, బండి వేగాన్ని కరెంటు చేసి బ్యాటరీలో వేస్తుంది. గట్టిగా నొక్కినప్పుడూ, పూర్తిగా ఆగబోయే చివరి క్షణాల్లోనూ మామూలు బ్రేకులు రంగంలోకి దిగుతాయి. ఇందులో ఎంత వెనక్కి వస్తుందో కాగితం మీద లెక్క వేశాను. 1400 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంలో పోతుంటే దానిలోని గతిశక్తి సుమారు 1,94,000 జౌళ్లు, అంటే కరెంటు మీటరు లెక్కలో 54 వాట్ అవర్లు. దానిలో కొంత గాలికీ టైర్లకూ పోగా మిగిలినదే మనకు దక్కుతుంది. ఇటువంటి హైబ్రిడ్ బ్యాటరీ సామర్థ్యం అటూ ఇటూగా ఒక యూనిట్టు, అంటే వెయ్యి వాట్ అవర్లు కాబట్టి, ఒక్కసారి ఆగడంతో అందులో ఇరవయ్యో వంతు కూడా నిండదు. అయినా పాత కారులో ఈ కాస్తా బ్రేకు వేడిగా గాలిలో కలిసిపోయేది. ఊళ్లో తిరిగేటప్పుడు హైవే కంటే మంచి మైలేజీ రావడం మొదట వింతగా తోచింది కానీ, ఈ లెక్క తర్వాత అందులో వింతేమీ కనిపించలేదు.

అదే లెక్కను ఘాట్ రోడ్డుకు వేస్తే కథ తిరగబడుతుంది. అదే కారు నిలువునా 300 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి 1.1 యూనిట్లకు పైమాటే, అంటే సగం దారిలోనే బ్యాటరీ నిండిపోయి, ఆపైన జనరేటరు తీసుకునే చోటు ఉండదు. లివరు మీద ఉన్న ‘బి’ అన్న అక్షరం ఈ సమయం కోసమే. నేను దాన్ని బ్యాటరీకి సంక్షిప్తం అనుకుని, ఎక్కువ ఛార్జింగ్ అవుతుందన్న ఆశతో సమతలం మీద కూడా వారం రోజులు వాడాను. మైలేజీ పెరగకపోగా కాస్త తగ్గింది. బి నిజానికి ఇంజన్ బ్రేకు. పెట్రోలు ఆపేసి, ఇంజన్‌ను ఊరికే తిప్పుతూ, పిస్టన్ల ప్రతిఘటనతో బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. దానివల్ల పోయే శక్తి ఎటూ తిరిగి రాదు, కానీ పొడవైన దిగుడులో బ్రేకులు కాలిపోకుండా కాపాడేది అదే. మొన్న కొండ దిగుతూ బ్యాటరీ గీతలు పూర్తిగా నిండబోతున్న సమయంలో బి లోకి మార్చగానే, యాక్సిలరేటర్ మీద కాలు లేకపోయినా ఇంజన్ గుర్రుమంటూ లేచింది. పక్కన ఉన్నవారు ఏమైందని ఉలిక్కిపడ్డారు. అది పెట్రోలు తాగని గుర్రు అని చెప్పవలసి వచ్చింది.

చిన్న సంగతులు కొన్ని మిగిలాయి. న్యూట్రల్‌లో బ్యాటరీ ఛార్జ్ కాదు కాబట్టి సిగ్నల్ దగ్గర ఎక్కువసేపు అందులో ఉంచకూడదు. డ్రైవ్‌లోనే బ్రేకు మీద కాలు ఉంచితే సరిపోతుంది. పెద్ద బ్యాటరీ కాక 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఒకటి ఉంది. కంప్యూటర్లను మేల్కొలిపేది అదే కనుక, కారు వారాల తరబడి కదలకపోతే ముందు చచ్చేది ఆ చిన్నదే. నిదానంగా పోతున్నప్పుడు కారు చేసే సన్నటి ఈల లోపం కాదు, పాదచారులను హెచ్చరించడానికి పెట్టిన ధ్వని. యూరోపియన్ యూనియన్‌లో 2021 జులై నుంచి కొత్త హైబ్రిడ్, విద్యుత్ కార్లన్నిటిలోనూ అది తప్పనిసరి. వెనుక సీటు పక్కన ఉన్న జాలీ పెద్ద బ్యాటరీని చల్లబరచే గాలి లోపలికి వెళ్లే దారి. దానికి ఏదీ అడ్డు పెట్టకూడదని పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నేను ఆ పేజీకి వచ్చేసరికి ఆ జాలీకి ఆనించి ఒక దుప్పటి, రెండు గొడుగులు, అమ్మాయి పాత స్కూలు సంచీ ఉన్నాయి. వాటిని ఆ రాత్రే డిక్కీలోకి మార్చాను.