మోకాలి కింద దిండు

నాకు తొమ్మిదేళ్లప్పుడు కుడి మోకాలు వాచింది. ఎక్కడా పడలేదు, దెబ్బా తగల్లేదు. పొద్దున లేచేసరికి కాలు కొయ్యబారిపోయి ఉండేది, ఓ గంట గడిస్తే సర్దుకునేది. మధ్యాహ్నానికి మామూలుగా నడుస్తున్నాను కదా, బడికి వెళ్లడం ఇష్టం లేక వేషాలేస్తున్నానని ఇంట్లో అనుకున్నారు. మొదట చూసిన డాక్టరుగారు ఎదిగే వయసులో వచ్చే నొప్పులని పంపించేశారు. ఆ నొప్పులకు కీలు వాయదు. పొద్దున్నే కాలు బిగుసుకుపోదు. ఈ సంగతి నాకిప్పుడు తెలుసు, ఆయనకు అప్పుడే తెలిసి ఉండాల్సింది.

రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు, ఇంకో ఆసుపత్రి, అవన్నీ వదిలేస్తాను. నాలుగు నెలలకు జబ్బు పేరు తెలిసింది: జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్. 16 ఏళ్లు నిండకముందే మొదలై, కనీసం 6 వారాలు తగ్గకుండా ఉండే కీళ్లవాపు. ఎందుకొస్తుందో ఇదమిత్థంగా ఎవరూ చెప్పలేరు. ఒంట్లో రక్షణ వ్యవస్థే దారి తప్పి కీలు లోపలి పొర మీద పడుతుంది. చిన్నపిల్లకు కీళ్లవాతమేమిటని ఆశ్చర్యపోని చుట్టం లేదు.

ఆ పేరు చెప్పిన పెద్దాయన మందులు రాస్తూ, తలెత్తకుండానే ఒక మాటన్నారు. "ఆటలూ గీటలూ మాన్పించేయండమ్మా. కీళ్లు అరిగిపోతాయి."

అమ్మకది వేదవాక్కు అయింది. ఆటల పీరియడ్‌లో అందరూ మైదానంలో ఉంటే నేను మెట్ల మీద కూర్చుని వాళ్ల నీళ్ల సీసాలకు, చెప్పులకు కాపలా కాసేదాన్ని. ఇంట్లో నేను అడగకముందే అన్నీ చేతికొచ్చేవి. రాత్రి పడుకోబోయే ముందు అమ్మ నా మోకాలి కింద మెత్తటి దిండు పెట్టేది. వాచిన మోకాలు కాస్త వంగి ఉంటే హాయిగా ఉంటుంది. ఎంత ప్రేమగా పెట్టేదో చెప్పలేను. ఏడాది తిరిగేసరికి ఆ మోకాలు ఆ వంపులోనే ఉండిపోయింది.

ఆ రాత్రి గురించి ఇన్నాళ్లూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. బాత్రూమ్‌కి వెళ్లాలని మెలకువ వచ్చింది. కాలు కిందపెడితే మడమ నేలకు ఆనడం లేదు. మోకాలు చాపుదామంటే రాదు, ఇంకాస్త వంచుదామంటే వంగదు. ఒక్కసారి బలంగా నొక్కి నిలబడబోయి బోర్లా పడ్డాను. అమ్మా అని పిలిచాను. ఫ్యాను చప్పుడులో ఎవరికీ వినబడలేదు. మోచేతుల మీద పాక్కుంటూ తలుపు దాకా వెళ్లాను. గడియ అందలేదు. అక్కడే బట్టలు తడిసిపోయాయి. ఆ చీకట్లో గోడకి ఆనుకుని నా తొడలు రెండూ చేతులతో పట్టి చూసుకున్నాను. ఎడమది నా తొడలాగే ఉంది. కుడిది ఇంకెవరిదో పీలపిల్లదిలా ఉంది. ఇక నా బతుకింతే అనుకున్నాను. తెల్లవారుజామున నాన్న తలుపు తెరిచి, లైటు వేసి, నన్ను చూసి కూలబడిపోయాడు. నాన్న ఏడవడం నేను చూసింది అప్పుడే.

ఆ తర్వాత పిల్లల కీళ్లవాతం చూసే స్పెషలిస్టు దొరికారు. మోకాల్లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్, దారి తప్పిన ఆ రక్షణ వ్యవస్థను అదుపులో పెట్టే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికొకసారి. ఆ మాత్ర వేసుకునే రోజంటేనే వాంతి వచ్చేది. కానీ నన్ను నిలబెట్టింది ఎవరని అడిగితే ఫిజియోథెరపిస్ట్ అక్క పేరే చెబుతాను. మొదటిరోజు అమ్మ అలవాటుగా నా మోకాలి కింద చుట్టిన దుప్పటి పెట్టబోతే, అక్క మెల్లగా లాగేసి దాన్ని మడమ కిందకు జరిపింది. "ఇప్పుడు మోకాలిని కిందకు నొక్కు. అయిదు లెక్కపెట్టు." అంతే. అయిదంకెలు లెక్కపెట్టేలోపు కళ్లలో నీళ్లు తిరిగాయి. "వాపు సంగతి మందులు చూసుకుంటాయి బంగారం, కండ సంగతి మాత్రం నువ్వే చూసుకోవాలి" అంది.

తర్వాత సైకిల్, నీళ్లలో నడక, ఈత, ఆరు నెలలకు మెల్లగా పరుగు. ఆడిన తర్వాత కండలు పీకితే భయం లేదని, కీలు రెండు గంటలు దాటినా నొప్పెడితేనో, మర్నాడు వాచితేనో ఆట తగ్గించాలి తప్ప మానకూడదని అక్క చెప్పింది. కండ గట్టిపడితే కీలు మీద భారం తగ్గుతుంది. కదలక కూర్చున్న పిల్లలకు ఎముకలు కూడా బలహీనపడతాయి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలు ఒళ్లు కదిలేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది, వైకల్యం ఉన్న పిల్లలకూ అదే చెప్పింది. మరి నన్నెందుకు ఏడాది పాటు మెట్ల మీద కూర్చోబెట్టారు? జబ్బు నా మోకాలి జోలికే వచ్చింది. తొడ కండను తీసుకుపోయింది ఆ ఒక్క మాట. ఆ పెద్దాయన మీద కోపం పోయిందని అబద్ధం చెప్పలేను.

మీ ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే, వాపు బాగా ఉన్న రోజుల్లో గెంతులు వద్దనండి కానీ మంచం మీద కట్టేయకండి. మెడ కీళ్లకు కూడా జబ్బు ఉంటే పిల్లిమొగ్గల్లాంటివి డాక్టరుని అడగకుండా చేయించకండి. కళ్లు తప్పకుండా చూపించండి. ఈ జబ్బులో కొందరికి కన్ను ఎర్రబడకుండా, నొప్పి లేకుండా లోపల్లోపలే వాచిపోతుంది. నాకొకసారి అలా వస్తే పరీక్షలోనే దొరికింది, చుక్కల మందుతో తగ్గింది.

ఇప్పుడు నాకు 21 ఏళ్లు. మందులు ఆపి రెండేళ్లయింది. అంతా దేవుడి దయ అంటుంది అమ్మ. నేను కాదనను. ఆ దిండు విషయం ఎప్పుడొచ్చినా మాత్రం లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది. నీకెవరూ చెప్పలేదు కదమ్మా అని వెనకాలే వెళ్లి అంటాను, వినదు.

రాత్రి పడుకున్నాక కుడికాలు బారుగా చాపి కిందకు నొక్కుతాను. మోకాలి వెనక చర్మం పరుపుకు తగులుతుంది. అది తగిలాకే కళ్లు మూసుకుంటాను.