మూడు దగ్గర ఆగిపోయిన కౌంట్‌డౌన్

ఐదు నుంచి ఒకటి దాకా లెక్కపెట్టిస్తే నా బొమ్మ ఒకటికి మాత్రమే నోరు మూసుకుంది. మిగతా నాలుగు అంకెలకీ తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. ఆరు వారాల కష్టం, పంతొమ్మిదో ప్రయత్నం, ఫలితం ఇది. ఆదివారం రాత్రి పదకొండింటికి బొమ్మని కుర్చీలో కూలేసి, దాని మొహం గోడ వైపు తిప్పి పడుకున్నాను. పొద్దున లేచేసరికి మా అమ్మాయి దాన్ని మళ్లీ ఇటు తిప్పి, ఒడిలో ఒక బిస్కెట్ పెట్టింది. "అంతసేపు నోరు తెరుచుకునే ఉంది కదా నాన్నా, ఆకలేమో" అంది.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. నేను కట్టేది 1960ల నాటి బ్రిటిష్ బొమ్మల టీవీ సీరీస్ థండర్‌బర్డ్స్ పద్ధతిలో తీగలతో ఆడే బొమ్మ. ఎత్తు 22 అంగుళాలు, అప్పటి బొమ్మలంతే. పేరు కమాండర్ బామ్మగారు. జరీ అంచు ఉన్న స్పేస్ సూటు, ముక్కుకి బేసరి. గొంతు మా అమ్మది. తల మౌల్డు, కళ్ల మెకానిజం, బొమ్మని పైనుంచి ఆడించే కంట్రోల్ బార్ సంగతులు ఇదివరకే రాశాను, మళ్లీ రాయను. కళ్లు బ్రహ్మాండంగా తిరుగుతున్నాయి. చేతులు బాగున్నాయి. గొడవంతా కింది పెదవితోనే.

ఈ పెదవి మీద నాకింత పట్టుదల ఎందుకో చెబుతాను. 1991లో నాన్నగారి ఆసుపత్రి ఉద్యోగం వల్ల గుంటూరు నుంచి ఇంగ్లండ్ వచ్చాం. నాకు ఎనిమిదేళ్లు. ఇంగ్లీషంటే ఏబీసీడీలు, ఒకటి నుంచి వంద దాకా అంకెలు, అంతే. ఆ సెప్టెంబరులోనే బీబీసీ టూలో థండర్‌బర్డ్స్ మళ్లీ వేయడం మొదలుపెట్టారు. టీవీలో మనుషులు మాట్లాడుకుంటుంటే ఎవరి మాట ఎక్కడ తెగుతుందో తెలిసేది కాదు. బొమ్మలతో ఆ బాధ లేదు. పెదవి ఆడినవాడే మాట్లాడుతున్నాడు, ఆగినవాడు వింటున్నాడు. పైగా మొదట్లోనే ఐదు నుంచి ఒకటి దాకా లెక్కపెట్టేవాళ్లు. అది నాకు పూర్తిగా అర్థమైన మొదటి ఇంగ్లీషు డైలాగు.

1992 క్రిస్మస్‌కి థండర్‌బర్డ్స్ వాళ్ల స్థావరం ట్రేసీ ఐలాండ్ బొమ్మ దేశమంతటా దుకాణాల్లో దొరక్కుండా పోయింది. 1993 జనవరిలో బీబీసీ పిల్లల కార్యక్రమం బ్లూ పీటర్‌లో ఆంథియా టర్నర్ దాన్ని ఇంట్లోనే ఎలా చేసుకోవాలో చూపించింది. అమ్మ మైదా ఉడికించి జిగురు కాచింది, అక్కా నేనూ పాత పేపర్లు అతికించాం. మా ద్వీపం కాస్త కోటప్పకొండలా వచ్చింది. ఇల్లు మారినప్పుడు పోయింది. ఇప్పటికీ బాధే.

సరే, పెదవి.

పాతవాళ్ల పద్ధతి వినడానికి తేలిక. డైలాగులు ముందే రికార్డు చేసుకునేవారు. షూటింగులో ఆ టేపు వేస్తే, ధ్వని కరెంటు పల్సులుగా మారి, బొమ్మని మోసే తీగల్లోంచే తలలోకి దిగి, అక్కడి సాలినాయిడ్‌ని, అంటే కరెంటు పారితే ఇనప కడ్డీని లాగే తీగచుట్టని, పనిచేయించేది. పెదవి తెరుచుకునేది. దీనికే సూపర్‌మారియోనేషన్ అని పేరు పెట్టుకున్నారు థండర్‌బర్డ్స్ తీసిన జెరీ ఆండర్సన్ బృందం. స్లౌ ట్రేడింగ్ ఎస్టేట్‌లో స్టిర్లింగ్ రోడ్డు మీద వాళ్ల స్టూడియో ఉండేది. నేనుండేది అక్కడికి పావుగంట దూరంలో. 1965 సెప్టెంబరు 30న మొదటి ఎపిసోడ్ వచ్చింది, మొత్తం 32 తీశారు. ట్రాన్సిస్టరు రేడియోల కాలంలో వాళ్లు చేసింది ఇవాళ నావల్ల కావడం లేదు.

మొదటి తప్పు తీగల్లో. తీగలు 0.13 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్. కంట్రోల్ బార్ నుంచి తల దాకా 1.8 మీటర్లు. బల్ల మీద పొట్టి వైర్లతో సాలినాయిడ్ టకటకలాడింది. బొమ్మని వేలాడదీస్తే ఉలుకూ పలుకూ లేదు. కొలిచాను. పోనూ రానూ రెండు తీగలూ, వాటి కొసలు నొక్కి బిగించిన క్రింపులూ కలిపి 16.3 ఓములు. నా దగ్గరున్న 5 వోల్టుల సాలినాయిడ్ కాయిల్ 4.8 ఓములు. అంటే ఒక ఆంపియరు పారాల్సిన చోట పావు ఆంపియరు కూడా పారడం లేదు. వచ్చే శక్తి అంతా తీగలే తినేస్తున్నాయి. వోల్టేజీ పెంచితే తీగ వేలికి చురుక్కుమనేంత కాలింది. వేడికి సాగింది కాబోలు, బామ్మగారు మాట్లాడినప్పుడల్లా తల కాస్త వాల్చేది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది కానీ మనకొద్దు.

మందు తెలిసినదే. 24 వోల్టుల, 96 ఓముల కాయిల్ పెట్టి, పైన 30 వోల్టులిచ్చాను. తీగల్లో పోయేది తగ్గింది, పెదవి కదిలింది. (ఒక ఆన్‌లైన్ దుకాణంవాడు 24 వోల్టులదని ముద్ర వేసి 12 వోల్టులది పంపాడు. ఏది వచ్చినా ముందు మీటరు పెట్టి చూసుకోండి.)

రెండో అనుమానం తోలు మీద. తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంట నుంచి తెచ్చుకున్న దీపం షేడు ఒకటి చిరిగితే ఆ మేకతోలు ముక్క దాచుకున్నాను. తోలుబొమ్మల తోలుతో బామ్మగారి పెదవి అంటే ఎంత బాగుంటుందని నా ఊహ. అది ఊరవేసి మెత్తబరిచిన తోలు కాదు, గీకి ఆరబెట్టి పలచన చేసింది. దీపం వెలుగు దూరాలంటే అలాగే ఉండాలి. వంచితే అప్పడంలా ఎదురు తిరుగుతుంది. పొడి రోజున 1.5 మిల్లీమీటర్లు తెరుచుకుంది, వాన రోజున మెత్తబడి అసలు మూసుకోలేదు. ఇక్కడ వాన లేని రోజేది? అసలు తోలుబొమ్మలాటలో పెదవే కదలదు, మాట్లాడే బొమ్మ చెయ్యి ఊపుతుంది. ఆ తోలుని చేయరాని పని చేయమన్నది నేనే. ఇప్పుడున్నది కారు తుడుచుకునే మెత్తతోలు, 0.6 మిల్లీమీటర్లు. పెదవి అంచు మిల్లిపుట్ అనే గట్టిపడే పుట్టీతో చేశాను, తెల్లరకం. మిగతా పుట్టీలు వాడేవాళ్లతో నాకు వాదన లేదు, జాలి మాత్రమే.

ఇంత చేశాక ఇంగ్లీషులో కౌంట్‌డౌన్ వినిపిస్తే ఐదు అంకెలకీ పెదవి చక్కగా కొట్టుకుంది. ఎగిరి గంతేశాను. అమ్మ చేత తెలుగులో చెప్పించి పెట్టాను. "ఐదు, నాలుగు, మూడు, రెండు" అన్నంతసేపూ నోరు బావిలా తెరుచుకుని ఉంది. "ఒకటి" దగ్గర మాత్రం టక్, టక్, టక్.

ఇక్కడే నెల పోయింది. మూసుకోవడం ఆలస్యమవుతోందనుకున్నాను. ఫోనులో సెకనుకి 240 ఫ్రేముల లెక్కన తీసి ఒక్కో ఫ్రేమే లెక్కపెట్టాను. పెదవి 3.5 మిల్లీమీటర్లు తెరుచుకోడానికి 5 ఫ్రేములు, అంటే 21 మిల్లీసెకన్లు. మూసుకోడానికి 11 ఫ్రేములు, 46 మిల్లీసెకన్లు. ప్లంజర్ (సాలినాయిడ్ లాగే కడ్డీ) కొసన అయస్కాంతం అంటుకుపోతోందేమోనని పలచని ఇత్తడి వాషరు వేశాను. 7 ఫ్రేములకి దిగింది, 29 మిల్లీసెకన్లు. కాయిల్లో కరెంటు త్వరగా ఆగేలా డయోడుకి తోడు ఒక జీనర్ డయోడు వేస్తే ఇంకో ఫ్రేము తగ్గింది. స్ప్రింగు బదులు రబ్బరు పెట్టి, ఊహూఁ, మళ్లీ స్ప్రింగుకే వచ్చాను. అమ్మ "నాలుగు" అనడానికి 380 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. మూడు అక్షరాలు, ఒక్కోదానికి దాదాపు 125. అంటే 46 ఉన్నప్పుడు కూడా పెదవికి బోలెడు సమయం ఉంది! ఈ భాగహారం మొదటి వారమే చేసుంటే నెల మిగిలేది.

జబ్బు పెదవిలో లేదు, చెవిలో ఉంది. నా సర్క్యూటు ధ్వని తీవ్రత ఒక హద్దు దాటితే పెదవి తెరుస్తుంది, హద్దు దిగితే మూస్తుంది. హద్దు మైనస్ 26 డెసిబెల్స్ దగ్గర పెట్టాను. కంప్యూటర్లో అమ్మ గొంతు గీత చూస్తే అచ్చులు మైనస్ 12 దగ్గర, "నాలుగు"లో ల మైనస్ 17, గు ముందు మైనస్ 20. ఎక్కడా 26కి దిగనే లేదు. "ఒకటి"లో క దగ్గర, ట దగ్గర గీత గోతిలో పడినట్టు మైనస్ 40 కిందకి పోతోంది.

గీత చూస్తున్న నా వెనక నించుని అమ్మ కాఫీ తాగుతోంది. నాకు తెలుగు రాయడం నేర్పింది ఆవిడే. "క చ ట త ప లు పరుషాలు, గ జ డ ద బ లు సరళాలు. మర్చిపోయావా?" అంది. పరుషం పలికేటప్పుడు గొంతు ఒక్క క్షణం మూగబోతుంది. సరళాలకీ, న, ల, ర, మ లకీ గొంతు మోగుతూనే ఉంటుంది. ఐదు, నాలుగు, మూడు, రెండు: ఈ నాలుగు మాటల్లో ఒక్క పరుషం లేదు! పైగా మనది అజంత భాష, ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది, గబగబా చెబితే మాటకీ మాటకీ మధ్య కూడా గొంతు ఆగదు. ఇంగ్లీషు అంకెల్లో ఊదుడు హల్లులున్నాయి, అక్కడ గీత పడిపోతుంది. నా బొమ్మకి ఇంగ్లీషు వచ్చు, తెలుగు రాదు. 1991లో నాకు సరిగ్గా తిరగబడ్డ పరిస్థితి.

హద్దుని మైనస్ 18కి పెంచితే అమ్మ గొంతు తగ్గించిన చోటల్లా బామ్మగారు మౌనవ్రతం. అందుకని స్థిరమైన హద్దు తీసేశాను. ఇప్పుడు టీన్సీ అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు మీద రెండు కొలతలు నడుస్తున్నాయి. 10 మిల్లీసెకన్ల సగటు ఒకటి, 150 మిల్లీసెకన్ల సగటు ఒకటి. పొట్టిది పొడుగుదాన్ని దాటితే తెరువు, తగ్గితే మూయి. (చవకరకం ఆర్డుయినో నకళ్లతోనూ అవుతుంది, ఆడియో పనికి టీన్సీయే హాయి.) నాలుగు పదిసార్లలో ఏడుసార్లు మూడు దెబ్బలూ కొట్టింది. ఐదు, రెండు దాదాపు ప్రతిసారీ సరే.

మూడు మాత్రం మొండికేసింది. అసలు తప్పకూడని అంకె అదే. ఐదు అంకెల్లో పెదవులు నిజంగా కలవాల్సిన హల్లు ఉన్నది మూడు ఒక్కదానికే. మిగతావాటికి పెదవి కాస్త అటూఇటూ అయినా కన్ను పట్టుకోదు, మ అనేటప్పుడు నోరు తెరిచుంటే పసిపిల్లలకి కూడా తెలిసిపోతుంది. మ ముక్కులోంచి మోగుతుంది, సర్క్యూటు దాన్ని అచ్చనుకుని తెరుస్తోంది. ఆ మోత ఎక్కువగా 300 హెర్ట్జ్ లోపలే ఉంటుంది కాబట్టి 500 కింద ఉన్నదంతా వడగట్టేశాను. మ లోయ 14 డెసిబెల్స్ లోతైంది. ఆహా అనుకునేలోపు ఊ కూడా దాంతోపాటే మునిగింది, ఊలో బలమంతా ఉన్నది కూడా ఆ కిందే మరి. ఇప్పుడు మూడు అంటే మూతి బిగించుకుని కూర్చుంటోంది. వడపోత 350కి దించితే మళ్లీ బావి. మధ్యలో 420 దగ్గర పదిలో నాలుగు. "నేను మూడే అంటున్నాను కదరా, దానికేం వినపడుతోంది?" అని అమ్మ విసుక్కుంది. పాపం, ఆ రోజు డెబ్భైసార్లు అనిపించాను.

విసుగు పోగొట్టుకోడానికి రాత్రి థండర్‌బర్డ్స్ 2015 నాటి రీమేక్ రెండు ఎపిసోడ్లు చూశాను. మనుషులు కంప్యూటర్ బొమ్మలు, సెట్లు మాత్రం న్యూజిలాండ్‌లోని వేటా వర్క్‌షాప్ చేసిన నిజమైన మినియేచర్లు. సెట్ల ముందు దండం పెట్టాలి. పాత సీరీస్‌లో నిమ్మకాయలు పిండేదాన్ని హ్యాంగరు గోడకి బిగించిన సంగతి గుర్తుపెట్టుకుని వీళ్లూ ఒకటి బిగించారు. డ్రైవరు పార్కర్ పాత్ర గొంతు కూడా పాత డేవిడ్ గ్రాహందే. కానీ ఆ మొహాల్లో ప్రతి అక్షరానికీ పెదవి సరిగ్గా ఆడుతుంది, తప్పే లేదు, నాకేమో చెయ్యి పెట్టే సందే దొరకదు. 2004 సినిమా గురించి మర్యాదగా ఊరుకుంటాను. నాకు నచ్చింది అభిమానుల చందాలతో తీసిన మూడు కొత్త ఎపిసోడ్లు. 1960ల నాటి రికార్డుల్లోని పాత గొంతులే తీసుకుని, అవే తీగలు, అవే బొమ్మల పద్ధతి. అందులోవాళ్లే 2020 లాక్‌డౌన్‌లో లండన్ ఫ్లాటులో కూర్చుని నెబ్యులా 75 అనే బొమ్మల సీరీస్ తీశారు. ఇంట్లో దొరికిన సామానుతో అంతరిక్షనౌక కట్టారు. అది చూశాకే నేను గ్యారేజీ ఖాళీ చేశాను.

నిన్న సాయంత్రం ఇంకో సంగతి జరిగింది. సర్క్యూటు పక్కన పెట్టి, ఒక బటన్ తీసి మా అమ్మాయి చేతికిచ్చాను. నానమ్మ చెబుతుంటే వింటూ బొటనవేలితో నొక్కమన్నాను. రెండుసార్లు తడబడింది. తర్వాత పదిలో తొమ్మిదిసార్లు మూడు సరిగ్గా పడింది! మ దగ్గర వేలు ఎత్తేసి, ఊకి నొక్కి, డుకి మళ్లీ కొట్టింది. దానికి పరుషాలూ తెలియవు, హెర్ట్జులూ తెలియవు.

కాబట్టి వచ్చే వారం దారి మారుస్తున్నాను. రికార్డింగులో ఎడమ ఛానల్లో అమ్మ గొంతు, కుడి ఛానల్లో అమ్మాయి బొటనవేలు. టీన్సీ కుడిది మాత్రమే వింటుంది. వేలు మాటకన్నా ఎంత వెనకబడుతోందో చూసి, దాదాపు 90 మిల్లీసెకన్లుంటుందని నా అంచనా, ఆ మేరకి కుడి ఛానల్‌ని ముందుకి జరుపుతాను. వడపోత ప్రయోగాన్ని వదల్లేదు, 300కి లోపలా పైనా విడివిడిగా కొలిచి పోల్చాలని ఉంది, చలికాలానికి పనికొస్తుంది. అలాగే 1967లో ఆండర్సన్ బృందం తర్వాతి సీరీస్ కెప్టెన్ స్కార్లెట్‌కి చేసినట్టు సాలినాయిడ్‌ని తలలోంచి ఛాతీలోకి దించితే బామ్మగారి తల చిన్నదవుతుంది, కొప్పు పెట్టొచ్చు. మెడలోంచి లాగే దారానికి చేపల గాలం దారం సరిపోతుందా, సాగుతుందా అన్నది ఇంకా చూడాలి. 0.25 మిల్లీమీటర్లది తెప్పించాను.

ముందు అమ్మ దగ్గు తగ్గాలి. దగ్గినప్పుడు మాత్రం పెదవి అద్భుతంగా ఆడుతోంది.