పద్దెనిమిది నిండాక

విజయనగరంలో ఒక పిల్లల సంరక్షణ హోంలో పెరిగిన అమ్మాయి పద్దెనిమిదేళ్లు నిండి బయటికొచ్చింది. గంటస్తంభం దగ్గర బట్టల షాపులో పని దొరికింది గానీ గది దొరకడమే కష్టమైంది. ఇల్లు చూపించిన ప్రతివాళ్లూ "అమ్మానాన్నలేరీ?" అనే అడుగుతారు. నేను పక్కన నిలబడి "మా అమ్మాయే, పూచీ నాది" అన్నాకే తాళం చేతికిచ్చారు.

2015 బాలల న్యాయ చట్టం 46వ సెక్షన్ ఇలా బయటికొచ్చే పిల్లలకు ఆర్థిక సాయం ఇవ్వొచ్చంటుంది. పిల్లల సంరక్షణకున్న కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు. మామూలుగా 21 ఏళ్లదాకా, ప్రత్యేక పరిస్థితుల్లో 23 వరకు. హోం వదలకముందే జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో గట్టిగా అడగండి. ఆధార్, బ్యాంకు పుస్తకం, మార్కుల లిస్టు కూడా అప్పుడే పిల్లల చేతికి రావాలి.

డబ్బుతో తీరనివి వేరే ఉన్నాయి. ఎప్పుడూ పెద్ద గుండిగల్లో వండిన అన్నమే తిన్న పిల్లకి, ఒక్క మనిషికి ఎన్ని బియ్యం పొయ్యాలో తెలీదు. ఓ రాత్రి ఫోన్ చేసింది. "పిన్నీ, అన్నం చాలా మిగిలిపోయింది, ఏం చెయ్యను?" గొంతులో ఎంత టెన్షనో! "నీళ్లు పోసి ఉంచమ్మా, పొద్దున్న చద్దన్నం తిందువుగాని" అన్నాను.

సిరిమాను పండక్కి మా ఇంటికే రమ్మన్నాను. ఊళ్లో ఆడపిల్లలందరూ పుట్టింటికి వచ్చే రోజులు కదా అవి.