జీతం దించుకోవాలా, కుర్రాళ్లను తెచ్చుకోవాలా?

అమెరికా బేస్‌బాల్‌లో జట్టును మళ్లీ మొదటినుంచి కట్టుకునేటప్పుడు సీనియర్‌ని ఇచ్చేసి, అతని జీతంలో చాలావరకు అవతలి జట్టు నెత్తిన పెడితే, బదులుగా వచ్చే కుర్రాళ్లు అంతంతమాత్రమే. 2017 డిసెంబరులో మయామీ మార్లిన్స్ జియాన్‌కార్లో స్టాంటన్‌ని యాంకీస్‌కి ఇచ్చినప్పుడు జరిగింది అదే. ఇంకా 10 ఏళ్లు, 29.5 కోట్ల డాలర్ల ఒప్పందం. పైగా ట్రేడ్‌ని, అంటే తనని మరో జట్టుకి ఇవ్వడాన్ని, కాదనే హక్కు అతనికుంది. జెయింట్స్, కార్డినల్స్ జట్లని వద్దన్నాడు. ఇక బేరమెక్కడ? ఆ ఏటి నేషనల్ లీగ్ ఎంవీపీకి (అత్యుత్తమ ఆటగాడు స్టాంటనే) బదులుగా స్టార్లిన్ కాస్ట్రో, కింది లీగుల్లో ఆడే ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు.

అంతకు ఏడాది ముందు వైట్ సాక్స్ జట్టు పిచర్ క్రిస్ సేల్‌ని ఇచ్చి యోవాన్ మోంకాడా, మైకేల్ కోపెక్ సహా నలుగురిని తెచ్చుకుంది. సేల్ ఆటకి ఆ జీతం చవక, పైగా అతని ఒప్పందం మరో మూడు సీజన్లు నడిచేది. అందుకే ఒప్పందం ఆఖరి ఏడాదిదాకా ఆగడం పెద్ద తప్పంటాను. అప్పటికే ఆలస్యమైతే జీతంలో కొంత మనమే భరించి, ఒక మెరుగైన కుర్రాణ్ణి అడగాలి.