రిపోర్టులో 'లేదు' అంటే ఏది లేదు?

అమెరికాలో ఉన్న పిల్లలు సేల్‌లో డీఎన్ఏ కిట్లు కొని, చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలకి కూడా టెస్టు చేయించేస్తున్నారు. ట్యూబులో ఉమ్మి నింపి పోస్టులో పంపితే కొన్ని వారాలకి రిపోర్టు ఫోన్లోకే వస్తుంది. వీళ్లు ఇండియాకి తిరిగొచ్చి దాన్ని తమ డాక్టరుకి చూపిస్తారు. చిక్కంతా అక్కడే.

నేను హైదరాబాదులో జెనెటిక్ కౌన్సెలర్‌ని. గుంటూరు నుంచి ఒకావిడ వచ్చారు. వాళ్లమ్మకీ పిన్నికీ రొమ్ము క్యాన్సర్, పిన్నికైతే నలభై నిండకుండానే. కూతురు చేయించిన కిట్ రిపోర్టులో బీఆర్‌సీఏ (పాడైతే రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే రెండు జీన్లు, బీఆర్‌సీఏ1, 2) దగ్గర 'కనబడలేదు' అని ఉంటే, వాళ్ల డాక్టరుగారు పైపైన చూసి "ఇంకేం, హాయిగా ఉండండి" అన్నారట. అంతే, ఈవిడ మామోగ్రామ్ మానేశారు. నా దగ్గరికొచ్చింది కూడా తన కోసం కాదు, "మా చెల్లికీ ఇదే చేయించెయ్యనా అమ్మా?" అని అడగడానికి.

అదే పేజీలో కాస్త కిందికెళ్తే ఏమేం చూశారో రాసుంది. ఆ జీన్లలో మూడంటే మూడు మార్పులు. 2018లో అమెరికా మందులూ పరీక్షల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, డాక్టరు చీటీ లేకుండా బీఆర్‌సీఏ టెస్టు అమ్ముకోవచ్చని మొదటిసారి ఒప్పుకున్నది ఆ మూడింటికే, అవీ ఎక్కువగా అష్కెనాజీ యూదుల్లో (మధ్య, తూర్పు యూరప్ మూలాలున్న యూదులు) కనిపించేవి. 2023లో అవి 44 అయ్యాయి. జబ్బు తెచ్చే మార్పులేమో ఈ రెండు జీన్లలో వేలల్లో ఉన్నాయి! ఊళ్లో మూడిళ్లు తట్టి దొంగల్లేరని చెప్పినట్టుంది. పైగా ఇలాంటి కుటుంబంలో మొదట పరీక్ష చేయాల్సింది జబ్బు వచ్చిన మనిషికి, అంటే పిన్నికి, అదీ రక్తం తీసి రెండు జీన్లూ పూర్తిగా చదివే టెస్టు. అదే చెప్పాను, మామోగ్రామ్ కూడా ముందు చేయించుకోమన్నాను.

దీనికి ఉల్టా కేసులూ ఉన్నాయి. కిట్ కంపెనీ ఇచ్చే రా డేటాని (విశ్లేషించని ముడి జీన్ సమాచారాన్ని) వేరే వెబ్‌సైట్లలో వేసి, ఏదో భయంకరమైన జీన్ ఉందట అని టెన్షన్‌తో వచ్చేవాళ్లు. అలాంటి ఫలితాల్ని క్లినికల్ ల్యాబులో మళ్లీ పరీక్షిస్తే 40 శాతం తప్పని తేలినట్టు 2018లోనే అమెరికాలో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. కాబట్టి అవును అన్నా, కాదు అన్నా, ఆ కాగితం ఒక్కటీ చూసి మందు రాయకూడదు, ఆపకూడదు, ఆపరేషన్ మాట అసలే ఎత్తకూడదు.

డాక్టర్లకి జెనెటిక్స్ రాదని దులిపేయడం నాకిష్టం లేదు. ఎంబీబీఎస్‌లో అక్కడ కొంత ఇక్కడ కొంత వచ్చిపోయే సబ్జెక్టు, ఓపీలో వంద మంది కూర్చుని ఉంటే ఎవరు తీరిగ్గా చదువుతారు? అవసరం పడ్డచోట బాగానే నేర్చుకున్నారు కూడా. మన దగ్గర చాలామంది మత్తు డాక్టర్లు ఆపరేషన్‌కి ముందు "మీరు వైశ్యులా అండీ?" అని అడుగుతారు. ఆర్యవైశ్యుల్లో కొందరికి కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువ, ఆపరేషన్‌లో కండరాల్ని సడలించే సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తే నిమిషాల్లో దిగాల్సిన ప్రభావం గంటల తరబడి దిగదు, అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాలి. అవునంటే వాళ్లు ఎంజైమ్ ఎంతుందో రక్తపరీక్ష చేయిస్తారు, లేదా మందే మారుస్తారు. ఇదంతా ఏ కిట్టూ రాకముందు నుంచీ నడుస్తున్నదే.